జలాంతర్గామి యుద్ధనవలలు: ఇంటి బీరువాలో నుంచదగినవి

హైదరాబాదువారికి సముద్రము దూరము. విశాఖపట్టణము చేరవలెనన్న రాత్రియంతయు రైలు ప్రయాణము చేయవలయును. బౌద్ధనగర్‌లోను, తార్నాకలోను, విశ్వవిద్యాలయపు చెట్లనీడను పెరుగు బాలబాలికలకు అలల మ్రోత మొదట గ్రంథములలోనే వినబడును. అయినను, బహుశః అందువలననే, ఈ ప్రాంతపు విద్యార్థులలో జలాంతర్గాముల యుద్ధకథలపై మక్కువ గలవారు కొందరు కలరు. వారిలో యంత్రశాస్త్రము చదువుచున్న యువకుడొకడు ఇరువదికి పైగా నిట్టి నవలలు కూర్చుకొని, తన బీరువాలో ఇంకను వేనిని చేర్చవలయునో చెప్పుడని యడిగెను. అతని పట్టిక చూడగా సంతోషమును చింతయు నొక్కమారే కలిగినవి. ఈ కాలమున ఒక యువకుడు తన చేతిసొమ్ముతో పుస్తకములు కొనుచున్నాడన్నది సంతోషము. ఆ ఇరువది పుస్తకములలో నెన్నియో ఓడలు మునిగినను, మునిగిన మనుష్యులలో నొక్కని పేరైనను చదువరికి జ్ఞాపకముండదన్నది చింత.

ఈ ప్రశ్న అతని యొక్కనిదే కాదు. మన ఇండ్లలో పిల్లలు యుద్ధకథలు చదువుచునే యున్నారు. మనము వలదన్నంత మాత్రమున మానరు. కావున వలదనుటకంటె ఏది మేలైనదో ఎంచి చూపుట పెద్దల ధర్మము. గ్రంథాలయమునుండి తెచ్చి చదివి మరల నిచ్చు పుస్తకము వేరు, ఇంటిలో నిలిచియుండు పుస్తకము వేరు. ఇంటిలోనిది అన్న కొన్నను చెల్లెలు చదువును; కొడుకు కొన్నను తల్లి మధ్యాహ్నపు తీరికలో తిరుగవేయును; పది సంవత్సరముల తరువాత మరియొక పిల్లవాని చేతికి వచ్చును. 1901లో ఈ నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించిన పెద్దలు గ్రంథము మనుష్యుని నడవడిని మార్చునని నమ్మిరి. ఆ నమ్మకము నిజమైనచో వినోదమునకై కొను నవలకును అది వర్తించును.

జలాంతర్గామి నవలకు తక్కిన యుద్ధకథలకు లేని యొక స్వభావము కలదు. భూమిపై పోరు సైనికుడు శత్రువు ముఖమును చూచు నవకాశము కలదు. జలాంతర్గామిలోనివారు చూడరు. రెండవ ప్రపంచయుద్ధకాలపు నావలు పైన తేలునపుడు డీజిలు యంత్రములతోను, మునిగినపుడు బ్యాటరీలతోను నడచెడివి. బ్యాటరీలు తరిగినను, లోపలి గాలి చెడినను పైకి రాక తప్పదు. మునిగియున్నంతసేపు వినికిడియే చూపు. పైకి తేలక చూడదలచినచో పెరిస్కోపను సన్నని గొట్టమొకటి మాత్రము శరణము. ఆ గొట్టములో ఓడ కనబడును, దాని వేగము లెక్కింపబడును, టార్పెడో విడువబడును, ప్రేలుడు వినబడును. ఓడలో వంట చేయుచున్నవాడును, ఇంటికి జాబు వ్రాయుచున్నవాడును ఆ గొట్టములో కనబడరు.

నవల పెరిస్కోపునకు కనబడినంతయే చూపినచో అది యంత్రపు దినచర్య మాత్రమే. పెరిస్కోపునకు కనబడనిదానిని చూపగలిగినపుడే అది సాహిత్యమగును. గ్రంథకర్తకు సముద్రమును యంత్రమును నిజముగా తెలియునా? ఇనుపగోడల నడుమనున్నవారు మాటలాడు బొమ్మలా, మనుష్యులా? చంపబడినవారు కథలో లెక్కకు వచ్చిరా? మొదటి రెండు ప్రశ్నలకు చక్కగా జవాబు చెప్పు పుస్తకములు పెక్కు కలవు. మూడవదానికి జవాబు చెప్పునవి కొన్నియే. ఇంటిలో నుంచదగినవి అవియే యని నా యభిప్రాయము.

ఈ జాతి నవలలకు మూలపురుషుడు ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్. ఆయన 1870లో ముగించిన సముద్రగర్భయాత్రా నవలను మన పిల్లలు వింతచేపల కథగా చదువుదురు. అది యుద్ధకథ యని గ్రహించువారు తక్కువ. నాటిలస్ అను నావకు నాయకుడైన నెమో యొక సామ్రాజ్యముపై పగబూని దాని యోడలను ముంచును. సింహళతీరమున ముత్యములకై మునిగిన పేద భారతీయుని సొరచేపనుండి కాపాడి, ముత్యముల సంచినిచ్చి పంపును. కథాంతమున యుద్ధనౌక నొకదానిని చీల్చి ముంచిన పిమ్మట, తన భార్యాబిడ్డల చిత్రపటము నెదుట మోకరిల్లి విలపించును. అతడెవ్వడో ఆ నవలలో తెలియదు. తరువాత వెలువడిన "రహస్యద్వీపము" అను నవలలో తెలియును: అతడు బుందేల్‌ఖండు రాజకుమారుడైన దక్కర్, టిప్పుసుల్తానునకు బంధువు, 1857 నాటి తిరుగుబాటులో సర్వమును కోలుపోయినవాడు. ప్రపంచసాహిత్యమున మొదటి గొప్ప జలాంతర్గామి నాయకుడు భారతీయుడన్న మాట! కాని గర్వపడుటతో నాగరాదు. వెర్న్ ఆ వీరుని పగను సమర్థింపలేదు. ఓడ మునుగుచుండగా దానిలోని జనులు త్రాళ్లను పట్టుకొని ప్రాకుటను అద్దపు కిటికీగుండ చదువరికి చూపెను. అణగద్రొక్కబడినవాడు అణచువానివలె క్రూరుడైనచో ఏమగునన్న ప్రశ్నను 150 సంవత్సరములకు పూర్వమే యడిగెను. కావున ఈ రెండు నవలలును సంపుటమునకు పునాదులు. పిల్లలకొఱకు కుదించిన ప్రతులను మాత్రము కొనరాదు. కుదించువారు మొదట తీసివేయునవి ఈ ఘట్టములే.

దాని ప్రక్కన నుంచదగినది నవల కాదు, చిన్నకథ. షెర్లాక్ హోమ్సు కథల రచయిత కానన్ డాయిల్ 1914 జూలైలో "డేంజర్" అను కథను ప్రచురించెను. ఒక చిన్న దేశము ఎనిమిది జలాంతర్గాములతో ఇంగ్లండునకు ఆహారము తెచ్చు నోడలను ముంచి, ఆ మహాసామ్రాజ్యమును మోకరిల్లజేయును. నాగరికదేశ మేదియు ఆయుధము లేని వర్తకపు టోడను ముంచదని నాటి నౌకాధికారులలో కొందరు ఆక్షేపించిరి. ఏడాది తిరుగకమునుపే, 1915 మే 7న, జర్మను జలాంతర్గామి లుసిటేనియా యను ప్రయాణికుల ఓడను ముంచెను. 1,190 మందికి పైగా మరణించిరి. నాగరికతపై మనకున్న నమ్మకము ఎంత పలుచనిదో తెలియుటకు ఈ కథ చాలును.

ఇక స్వయముగా ఆ నావలలో నుండి వచ్చి వ్రాసినవారి గ్రంథములు. అమెరికను నావికాధికారి ఎడ్వర్డ్ బీచ్ జపాను యుద్ధమున జలాంతర్గాములలో పనిచేసెను. 1960లో ట్రైటన్ అను అణునావను నీటిలోపలనే నడిపి భూమిని చుట్టివచ్చెను. ఆయన 1955లో ప్రకటించిన "రన్ సైలెంట్, రన్ డీప్" ఈ సంపుటమున తప్పక యుండవలయును. యంత్రమును గూర్చి ఇంతకంటె నమ్మదగిన సాక్షి దొరకడు. టార్పెడోల లోపములు, లెక్కలలోని తొట్రుపాటు, నాయకునికిని అతని సహాయాధికారికిని నడుమ మనస్పర్ధ, ఇవి యన్నియు అనుభవముతో వ్రాయబడినవి. గ్రంథమునకు నిజమైన బరువు నిచ్చునది కడపటి ఘట్టము. తన మిత్రులను ముంచిన జపాను నౌకానాయకుని యోడను రిచర్డ్‌సన్ ముంచును. ఆ నాయకుడు ప్రాణరక్షక పడవలలో తప్పించుకొనుచుండెను. అతడు బ్రతికినచో రేపు మరియొక యోడతో వచ్చి మరల చంపును. రిచర్డ్‌సన్ తన నావను ఆ పడవలపైకి నడిపించును. రచయిత యీ కార్యమును కీర్తింపలేదు, క్షమింపలేదు. చేసినవాని నోటనే చెప్పించి యూరకుండెను. యువకులు ఈ పుటవద్ద పుస్తకము మూసి యోచింపవలయును. ఇంటిలో పెద్దలున్నచో వారితో వాదింపవలయును.

రెండవ పక్షపువాని గ్రంథము జర్మను రచయిత బుక్‌హైమ్ 1973లో ప్రకటించిన "దాస్ బూట్". అతడు 1941లో యుద్ధవిలేఖరిగా యూ-96 అను నావలో ప్రయాణము చేసినవాడు. ఒక్క యాత్రయే కథ. పెద్దపుస్తకము, అందు సగము విసుగు, తడి, దుర్గంధము, నిరీక్షణము. చదువరికిని విసుగు కలుగును, కలుగవలయును. గడ్డములు పెరిగినవి, రొట్టెలు బూజు పట్టినవి, రోజులు ఒకటితో నొకటి కలిసిపోయినవి. అపుడు తలపైన లోతుబాంబులు పడనారంభించును. జర్మను జలాంతర్గాములలో పనిచేసిన సుమారు 40,000 మందిలో 30,000 మంది మరల రాలేదు. ఈ లెక్కను మనసున నుంచుకొని చదివినచో, ఆ యువకులు త్రాగి యరచుటయు, నాయకుడు తన ప్రభుత్వమును హేళన చేయుటయు అర్థమగును. హిట్లరు సేనలోనివారిని ఇంత దయతో చూపవచ్చునా యని కొందరు ప్రశ్నింతురు. అది తగిన ప్రశ్న. వారి నావ ఏ ప్రభుత్వము కొఱకు పోరుచున్నదో, ఆ ప్రభుత్వము గట్టుపైన ఏమి చేయుచుండెనో ఈ నవలలో దాదాపు కనబడదు. నావలోని యిరుకు రచయితకును కొంత అంటినది. కావున దీనిని ఒంటిగా నుంచరాదు. ముంచబడినవారి గ్రంథము దీని ప్రక్కన నుండవలయును.

అట్టిది నికొలస్ మాన్సరాట్ 1951లో వ్రాసిన "ది క్రూయల్ సీ". అతడు వర్తకపు టోడల బారులకు కాపుగా పోవు చిన్న యుద్ధనౌకలలో పనిచేసిన ఆంగ్లేయుడు. ఈ నవలలో జలాంతర్గామి లోపలి భాగము కనబడుట అరుదు. అది నీటిక్రింద దాగిన భయము. ఒకనాడు కంపాస్ రోజ్ అను నౌక క్రింద జలాంతర్గామి యున్నట్లు శబ్దయంత్రము తెలుపును. సరిగా ఆ స్థలమున పైన మునిగిన ఓడలోని నావికులు, తమవారే, ఈదుచు రక్షణకై ఎదురుచూచుచుందురు. బాంబులు విడిచినచో వారు చత్తురు. విడువనిచో శత్రువు తప్పించుకొని ఇంకెందరినో చంపును. ఎరిక్సన్ అను నాయకుడు బాంబులు విడుచును. అచ్చట జలాంతర్గామి యుండెనో లేదో తుదకు తెలియదు. ఆ రాత్రి అతడు త్రాగి ఏడ్చును. ఈ సంపుటమున ఒక్క పుస్తకమునే కొనగల శక్తి యున్నచో దీనినే కొనుడని చెప్పుదును. యుద్ధములో తప్పు చేసినవాడు దుష్టుడే కానక్కరలేదనియు, దుష్టుడు కానంత మాత్రమున తప్పు తప్పు కాకపోదనియు ఇంత స్పష్టముగా చూపిన నవలలు అరుదు.

ఫారెస్టర్ 1955లో వ్రాసిన "ది గుడ్ షెపర్డ్" దీనికి చెల్లెలు. ఓడలబారును కాచు నాయకుడు క్రాస్ రెండు దినములు నిద్రలేక, తిండిలేక, నొప్పెట్టు పాదములతో నిలిచి జలాంతర్గాములతో పోరును. లెక్క, ఆజ్ఞ, ప్రార్థన, మరల లెక్క. కర్తవ్యమన నేమో బోధింపక చూపు గ్రంథమిది. చిన్నది, బిగువైనది, ఇంగ్లీషు కొలదిగా వచ్చినవారును చదువవచ్చును.

ఇంతవరకు చెప్పినవానికంటె మన యువకుల బీరువాలలో నెక్కువగా కనబడునది టామ్ క్లాన్సీ 1984లో వ్రాసిన "ది హంట్ ఫర్ రెడ్ అక్టోబర్". సోవియట్టు నాయకుడు రామియస్ శబ్దము చేయని కొత్త నావతో అమెరికాకు పారిపోవు కథ. యంత్రవివరము అపారము, కథనము వేగము. దీనిని నిందించుట సులభము, కాని న్యాయము కాదు. రామియస్ తిరుగబడుటకు మూలము రాజకీయము మాత్రమే కాదు. త్రాగిన శస్త్రవైద్యుని నిర్లక్ష్యమువలన అతని భార్య మరణించుటయు, పెద్దల కుమారుడగుటచే ఆ వైద్యుడు శిక్ష తప్పించుకొనుటయు. ఇది మనకు తెలియని దుఃఖము కాదు. కాని ఆ దుఃఖము కథకు మేకువలె ఉపయోగపడి, తరువాత యంత్రముల హోరులో మరుగైపోవును. కావున దీనిని ఒక్కదానిని ఉంచుడు. దీని ననుకరించిన పదులకొలది పుస్తకములను చదివి విడిచిపెట్టుడు. అలిస్టర్ మాక్లీన్ 1963 నాటి "ఐస్ స్టేషన్ జీబ్రా"ను గూర్చియు అంతియే. మంచుక్రింద సాగు నావ, అందొక గూఢచారి, ఒక హంతకుడు. రైలులో చదువుటకు బాగుండును, బీరువాలో స్థానము కోరదు.

గృహిణులకును, యుద్ధకథ లన్నంతనే ముఖము త్రిప్పుకొనువారికిని ముఖ్యముగా చెప్పవలసిన నవల నెవిల్ షూట్ 1957లో వ్రాసిన "ఆన్ ది బీచ్". ఇందు యుద్ధము కథ మొదలగునప్పటికే ముగిసినది. అణుబాంబులచే భూగోళపు ఉత్తరార్ధమంతయు నశించినది. విషధూళి మెల్లగా దక్షిణమునకు వచ్చుచున్నది. ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను ప్రజలకు కొన్ని మాసములే మిగిలినవి. మిగిలిన అమెరికను జలాంతర్గామి స్కార్పియన్ ఆ చచ్చిన తీరమునుండి వచ్చు తంతి సంకేతమును వెదకుచు పోవును. ఎవ్వరో బ్రతికియున్నారను ఆశ. చేరి చూడగా, విరిగిన కిటికీ గాలికి ఊగుచు తంతి మీటను కదలించుచున్నది! నాయకుడు టవర్సు తన భార్యాబిడ్డలు లేరని యెరిగియు వారికై బహుమానములు కొనును. మేరీ యను యువతి తాను చూడబోని వచ్చే సంవత్సరమునకై పెరటిలో పూలమొక్కల పథకము వేయును. జలాంతర్గామినుండి పెరటితోటవరకు తిన్నని దారి వేసిన నవల యిది. యుద్ధము మగవారి విషయమని తలచు స్త్రీలకును, ఇల్లు ఆడువారి విషయమని తలచు పురుషులకును ఇది సమాధానము.

ఇంతసేపు పరదేశపు సముద్రములలో తిరిగితిమి. మన తీరమునకు వత్తము. 1971 డిసెంబరు 3-4 తేదీల నడిరాత్రి విశాఖపట్టణపు రేవు వెలుపల పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయెను. అది 1945లో డయాబ్లో యను పేర అమెరికా నావికాదళమున చేరి, 1964లో పాకిస్తానుకు ఈయబడినది. విక్రాంత్ అను మన విమానవాహకనౌకను వెదకుచు నవంబరు 14న కరాచీ విడిచినది. విక్రాంత్ విశాఖలోనే యున్నదని శత్రువు నమ్మునట్లు వైస్ అడ్మిరల్ కృష్ణన్ పన్నాగము పన్ని, దానిని అండమానులకు పంపియుండెను. ఘాజీని రాజ్‌పుత్ అను మన నౌక లోతుబాంబులతో ముంచెనని మనవారి వాదము. తన మందుగుండు తనలోనే ప్రేలి మునిగెనని పాకిస్తానువారి వాదము. అందున్న తొంబదిమందికి పైగా నావికులలో నొక్కడును బ్రతుకలేదు. ఆ నావ నేటికిని మన సముద్రపు టడుగుననే, వారి సమాధిగా నున్నది.

ఈ కథను సంకల్ప్ రెడ్డి తాను వ్రాసిన "బ్లూ ఫిష్" అను ఆంగ్లగ్రంథము ఆధారముగా తెలుగు చలనచిత్రముగా తీసెను. 2017లో వెలువడిన "ఘాజీ"కి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయపురస్కారము లభించెను. పాటలు, నృత్యములు లేక, ఇనుపగోడల నడుమ రెండుగంటలు ప్రేక్షకుని నిలుపగలుగుట తెలుగు చిత్రసీమకు చిన్న పని కాదు; ఆ ధైర్యమును మెచ్చుకొనవలయును. తొందరపాటుగల నాయకునికిని, ఆజ్ఞను మీరని సహచరునికిని నడుమ వాదము చక్కగా నడచినది. కాని పైన చెప్పిన మూడవ ప్రశ్న నడిగినపుడు చిత్రము తడబడును. ఎస్-21 అను భారతీయ జలాంతర్గామి ఘాజీతో పోరినట్లు కల్పించిరి. కల్పన దోషము కాదు. ఘాజీ నాయకుని క్రూరునిగా మాత్రమే చూపి, అతని నావలోని తక్కినవారిని నీడలుగా విడుచుట దోషము. మునిగిన యోడనుండి కాపాడబడిన స్త్రీ నావలోనికి వచ్చును. ఆమె వచ్చుటతోనే ఆమె పాత్ర పని దాదాపు ముగియును. చిత్రము చివర మనము చప్పట్లు కొట్టుదుము. తొంబదిమంది ఎచ్చటనున్నారని యడుగము.

అడుగుట దేశభక్తికి విరుద్ధమా? కాదు. ఘాజీ మునిగిన అయిదు దినములకే, డిసెంబరు 9న, పాకిస్తాను జలాంతర్గామి హంగోర్ అరేబియా సముద్రమున మన ఖుక్రీని ముంచెను. 18 మంది అధికారులును 176 మంది నావికులును మరణించిరి; నాయకుడు మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడువక దానితో మునిగెను. మన కనులు ఖుక్రీకై చెమర్చుట సహజము. కరాచీలోని తల్లి ఘాజీకై అట్లే ఏడ్చెనని తెలిసికొనుటకు మనకు నవల కావలయును, విజయస్తంభము చెప్పజాలదు. నేడు విశాఖ రామకృష్ణా బీచిలో మన కుర్సురా జలాంతర్గామి 2002 నుండి ప్రదర్శనశాలయై యున్నది. హంగోర్ అట్లే కరాచీలో ప్రదర్శనశాలయై యున్నది. ఇరుదేశముల పిల్లలును ఒకే రీతి ఇనుపగొట్టములలో తలవంచి నడచి, ఒకే రీతి యిరుకు మంచములను చూచి అబ్బురపడుచున్నారు. ఈ ఒక్క దృశ్యమునుండి మంచి నవల పుట్టవచ్చును.

హైదరాబాదునకు ఇంకను దగ్గరైన కథ మరియొకటి కలదు. 1943 ఫిబ్రవరి 8న జర్మనీలోని కీల్ రేవునుండి యూ-180 అను జలాంతర్గామిలో సుభాస్ చంద్రబోసు తూర్పునకు బయలుదేరెను. ఆయనతో నున్న ఒకే యొక భారతీయుడు హైదరాబాదువాడైన ఆబిద్ హసన్. "జైహింద్" అను అభివాదమును కూర్చినవాడు ఈయనయేయని ప్రసిద్ధి. దారిలో ఏప్రిల్ 18న ఆ నావ కార్బిస్ అను ఆంగ్లేయుల చమురు ఓడను ముంచెను. ఏప్రిల్ 28న మడగాస్కరుకు దూరముగా, ఎగసిపడు సముద్రముపై రబ్బరు తెప్పలో బోసును హసనును జపానువారి ఐ-29 లోనికి మారిరి; మే మాసమున సుమత్రా చెంతనున్న సబంగు దీవి చేరిరి. ఆ మరుసటి సంవత్సరముననే, 1944లో, ఐ-29 జూలైలోను యూ-180 ఆగస్టులోను మునిగిపోయినవి. నేతాజీని మోసిన ఆ నావికులలో పెక్కుమంది ఆ సముద్రములలోనే కలిసిపోయిరి. మనకు స్వాతంత్ర్యవీరుని యాత్ర. కార్బిస్ నావికులకు మృత్యువు. నాజీ ప్రభుత్వపు నావలో భారతస్వాతంత్ర్యపు ఆశ. ఇన్ని విరుద్ధసత్యములు మూడు మాసములు ఒక ఇనుపగొట్టములో నిమిడియుండెను. తెలుగు నవలాకారునికి ఇంతకంటె గొప్ప వస్తువు కావలయునా? అతడు దీనిని వ్రాయునపుడు స్తోత్రముతో నింపక, ఆ ఇరుకులో బోసు చెప్పుచుండగా వ్రాసికొనుచుండిన హైదరాబాదు యువకుని కన్నులతో చూడవలయును.

గాంధీ మహాత్ముని దేశమున ఇంటిలో యుద్ధనవలల నుంచుట తగునాయని కొందరు సందేహింతురు. హింసను దాచుటవలన అహింస పుట్టదు. యుద్ధము ఎట్లుండునో తెలియనివాడే దానిని తేలికగా కోరును. నేడు అణుశక్తితో నడచు అరిహంత్ జలాంతర్గామి విశాఖలోనే నిర్మింపబడినది. దాని తరగతి నావలకు కావలసిన క్షిపణుల పని మన హైదరాబాదులోనే సాగినది. ఆ కర్మాగారములలో, ప్రయోగశాలలలో మన తార్నాక విద్యార్థులే రేపు పనిచేయుదురు. వారికి లెక్కలు నేర్పుటకు విశ్వవిద్యాలయము కలదు. ఆ లెక్కలకు ఆవలి కొనయందు మనుష్యులున్నారని నేర్పు పని ఇంటి బీరువాది.

కనుక సంపుటము నిట్లు కూర్చవచ్చును. పైయరలో వెర్న్ రెండు నవలలును, డాయిల్ కథయు. రెండవ యరలో బీచ్, బుక్‌హైమ్, మాన్సరాట్, ఫారెస్టర్. ఈ నలుగురిని విడదీయక ప్రక్కప్రక్కన నుంచుడు, ఒకనిని చదివిన వెంటనే ఎదుటి పక్షపువానిని చదువుడు. క్రిందియరలో షూట్, అది చేతికందు నెత్తుననుండిన ఇంటిలోని స్త్రీలును తీసికొందురు. క్లాన్సీ ఒక్క ప్రతి. కృష్ణన్ స్వీయచరిత్ర "ఎ సెయిలర్స్ స్టోరీ" దొరికినచో ఘాజీ కథకై చేర్చుడు. అది నవల కాకున్నను మన తీరపు సాక్ష్యము. క్రొత్తప్రతులకు వెచ్చింపనక్కరలేదు. ఆదివారము ఆబిడ్స్, కోఠి కాలిబాటలపై పరచు పాతపుస్తకములలో ఇట్టి నవలలు తరచుగా కనబడును. అట్ట చినిగిన పుస్తకమునకు బట్ట అంటించి కుట్టుకొనుట గౌరవమే గాని లోపము కాదు.

ఇంగ్లీషు రానివారు ఇంటిలో నున్నచో చదివినవాడు వారానికొక రాత్రి ఒక్కొక్క ప్రకరణమును తెలుగున చెప్పవలయును. చెప్పునపుడు యంత్రముల పేర్లు మరచినను దోషములేదు. మునిగినవారి పేర్లు మాత్రము మరువరాదు. చాలకాలముగా నేర్చినదానిని ఇరుగుపొరుగులకు పంచుట మన గ్రంథాలయోద్యమపు సంప్రదాయము. ఈ తొమ్మిది గ్రంథములను ఇట్లు చదివి, చెప్పి, వాదించిన ఇంటినుండి ఏదో యొకనాడు తెలుగున నిజమైన జలాంతర్గామి నవల వెలువడిన ఆశ్చర్యము లేదు.